మచ్చ వాపసు

రత్నం చెయ్యి బాగుపడింది. గొడవంతా అక్కడే మొదలైంది.

బాగుపడటమంటే అలా ఇలా కాదు. మోచేతి నుంచి మణికట్టు దాకా ముడతలు పడి, ఎర్రగా బిగుసుకుపోయిన తోలు మెత్తబడి, నున్నబడి, అసలెప్పుడూ కాలనే లేదన్నట్టు తయారైంది. విశాఖపట్నంలో డాక్టర్ మృణాళిని ప్రయోగశాలలో జరిగిన వైద్యం అది, విడతల మధ్య చెయ్యి కట్టులోనే ఉంచేవారు. చివరి విడత లైటు వేసి, కళ్ళకు కట్టిన నల్ల గంతలు విప్పి, "చూసుకో రత్నం" అని డాక్టరమ్మ అన్నప్పుడు చుట్టూ ఉన్న నర్సులు చప్పట్లు కూడా కొట్టారు. రత్నం చెయ్యి చాపింది, ముడిచింది, మళ్ళీ చాపింది. కాలిన దగ్గర్నుంచి సగం వంపులోనే ఆగిపోయిన మోచెయ్యి ఇప్పుడు నిటారుగా సాగుతోంది. సంతోషం పట్టలేక నవ్వేసింది. నవ్వుతూనే చేతిని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

"వేళ్ళేవి?" అంది.

"ఏం వేళ్ళు?"

"మా లోవ వేళ్ళు. ఐదూ ఇక్కడే ఉండాల. ఏటి చేశారు వాటిని?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమయ్యేలా అంతకుముందు ఎవరూ చెప్పలేదు మరి. చెప్పాల్సిన పెద్దమనిషి కావాలనే నోరు మూసుకున్నాడు.

రత్నం ఊరు ఉప్పలమెట్ట పక్కన మందుల ఫ్యాక్టరీ ఉంది. రత్నం అందులో కాంట్రాక్టు కూలీ. షెడ్డు కడగడం, పీపాలు దొర్లించడం పని. లోపలికి వెళ్ళాలంటే మెడలో గేటు పాసు ఉండాలి. పాసులు కొందరికే ఇస్తారు, ఒక్క పూట మానేస్తే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకని ఎవరికైనా ఒళ్ళు బాగోకపోతే పాసు పక్కింటివాళ్ళకిచ్చి పంపేవారు. లోపలికెళ్ళాక టోపీ, ముసుగు, కళ్ళద్దాలు, కాళ్ళ దాకా కోటు. కన్నతల్లి ఎదురొచ్చినా గుర్తుపట్టలేని వేషం. సూపర్‌వైజరుకు తలలు సరిపోతే చాలు, ఆ తల ఎవరిదన్నది అక్కర్లేదు. ఊరంతా చేసే పనే అది, అందులో తప్పుందని ఎవరికీ తోచనే లేదు.

ఆ రోజు పక్కింటి సన్యాసమ్మకు జ్వరం. రత్నానికి వరసకు వదిన అవుతుంది. ఆమె పాసు మెడలో వేసుకుని రత్నం చెల్లెలు లోవ పనిలోకి వచ్చింది. డిగ్రీ పరీక్షలు రాసేసి ఇంట్లో ఊరికే ఉన్న పిల్ల. "అప్పా, ఈ కోటేసుకుంటే నువ్వు అచ్చం వంకాయల బస్తాలా ఉన్నావే" అని అక్కను ఆటపట్టిస్తూ షెడ్డంతా తిరిగింది. ఆ పూట షెడ్డులో ఉన్నది వాళ్ళిద్దరే.

గొట్టం ఊడిందో, మూత ఎగిరిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మరిగే ద్రావకం గాలిలోకి చిమ్మింది. రత్నం జారి పడిపోయింది. లోవ ఎదురుగా వచ్చి, తన కుడిచేత్తో అక్క కుడిచేతిని ఒడిసి పట్టుకుని, పైకి లాగి, గిరుక్కున తిప్పి తలుపు వైపు విసిరేసింది. ఆ పట్టు మీదే ద్రావకం పడింది. రత్నం చెయ్యి చుట్టూరా కాలింది, లోవ వేళ్ళ కింద ఉన్నమేర మాత్రం కాలలేదు. రత్నం వచ్చి తలుపు బయట పడింది. లోవ లోపలే ఉండిపోయింది. కప్పు కూలింది.

షెడ్డు రోజంతా మండింది. ఊళ్ళోవాళ్ళనెవరినీ దగ్గరికి రానివ్వలేదు. మంటలారాక అందరికంటే ముందు కంపెనీవాళ్ళే లోపలికి వెళ్ళారు. ఏం తీశారో, తీసింది ఎక్కడ పారేశారో వాళ్ళకే తెలియాలి. బయటికొచ్చి మాత్రం ఒకటే మాట చెప్పారు: లోపలున్నది రత్నం, సన్యాసమ్మ. పాసులు చూసుకోండి. ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారు, ఎవరూ చనిపోలేదు. మరి లోవ? ఆ పేరుగల మనిషి మా గేటే దాటలేదు. వయసులో ఉన్న పిల్ల, ఎవరితో వెళ్ళిందో ఇంట్లోవాళ్ళే విచారించుకోవాలి.

అదీ మాట. నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ మాట! మంటల్లో మసైపోయిన పిల్లని లేచిపోయిన పిల్లని చేశారు. సన్యాసమ్మ నోరెత్తలేదు. నెల తిరక్కుండానే ఆమెకు పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. రత్నం ఇంటి వైపున్న ఆమె తలుపుకు గడియ పడింది. ఊరు మాత్రం ఊరుకుంటుందా? కుళాయి దగ్గర ఆడవాళ్ళు రత్నం తల్లి ఎర్రయ్యమ్మను చూసి గొంతు తగ్గించేవారు. "సెల్ఫోన్లో ఎప్పుడూ ఎవడితోనో మాటాడేదమ్మా, నాను సూశాను" అని ఒకావిడ వినపడేలాగే అంది. ఎర్రయ్యమ్మ నిండని బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేసింది.

ఆసుపత్రిలో కట్లు విప్పిన రోజున రత్నం చేతి మీద లోవ చెయ్యి బయటపడింది. ఎర్రగా ఉబ్బిన మచ్చ నడుమ ఐదు వేళ్ళూ శుభ్రంగా, చామనఛాయగా. బొటనవేలు లోపలి వైపు, నాలుగు వేళ్ళు పైన. ఎర్రయ్యమ్మ చూసి బావురుమంది. "ఇదిగో, మా చెల్లి ఇక్కడే ఉన్నాది, ఎక్కడికీ లేచిపోలేదు" అని రత్నం వచ్చిన ప్రతి మనిషికీ చెయ్యి చాపి చూపించింది. పళ్ళు పట్టుకుని పలకరింపుకొచ్చిన కంపెనీ మేనేజరు కామేశ్వర్‌కు కూడా చూపించింది. అతను కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "అయ్యో పాపం, ఇంత మచ్చతో ఎలాగమ్మా? దీనికేదన్నా చెయ్యాలి" అన్నాడు. చేశాడు కూడా. ఆ సానుభూతి వెనకాల ఏముందో అప్పుడు తెలిస్తే రత్నం ఆ పళ్ళు అతని మొహానే కొట్టేది.

కంపెనీ ధర్మసంస్థ పేరిట క్యాంపు పెట్టారు. కాలిన మచ్చలకు ఉచితంగా లైటు. డాక్టర్ మృణాళిని ఎన్నో ఏళ్ళు కూర్చుని తయారుచేసిన యంత్రం అది. మామూలు లేజర్లు మచ్చ రంగు తగ్గిస్తాయి, కాస్త నున్నగా చేస్తాయి, అంతకుమించి వాటి చేత కాదు. ఇది అలా కాదు. డాక్టరమ్మ మొదటి రోజున రత్నం చీర కొంగు చేతిలోకి తీసుకుని, దానికి వేసిన అతుకు చూపించింది.

"మచ్చంటే ఇదేనమ్మా. ఒళ్ళు కంగారులో వేసుకున్న అతుకు. నా లైటు ఆ అతుకు ఊడదీసి, మొదట్లో నేత ఎలా ఉండేదో తోలుకు గుర్తుచేస్తుంది. తోలు తనంతట తనే మళ్ళీ నేసుకుంటుంది."

"చెయ్యి సాగుతాదేటి?"

"శుభ్రంగా సాగుతుంది."

రత్నానికి కావలసింది అదే. చెయ్యి సాగక పని పోయింది. మొగుడు లారీ మీద పోతే వారానికోసారి గాని రాడు. ఎనిమిదేళ్ళ కూతురు హారికకు జడ వెయ్యడం కూడా చేతకాక, పిల్ల రోజూ పక్క వీధి పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తేది. ఇక వేళ్ళ సంగతంటారా, రత్నం ఆలోచించకపోలేదు. ఆలోచించింది. మచ్చ పోతుందన్నారు, లోవ వేళ్ళున్నచోట మచ్చ లేదు, అది మంచి తోలు. మంచి తోలును లైటు ముట్టుకోదు కాబట్టి మచ్చ పోయినా వేళ్ళు ఉంటాయి అనుకుంది. ఇంకా బాగా కనబడతాయనుకుంది. అందులో తప్పేముంది? ఎవరైనా అలాగే అనుకుంటారు. చుట్టూ కాలినందువల్లే ఆ వేళ్ళు వేళ్ళలా కనబడుతున్నాయని, చుట్టూ బాగైపోతే కలిసిపోతాయని ఒక్కరంటే ఒక్కరు ఆమెకు చెప్పలేదు. కామేశ్వర్‌కు తెలుసు. తెలిసే క్యాంపు పెట్టాడు.

ఆ రోజు ఇంటికి రాగానే హారిక ఎగిరి గంతేసింది. "అమ్మా, నీ చెయ్యి అచ్చం నా చెయ్యిలా అయిపోయింది!" అని నిమిరింది. ఎర్రయ్యమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది. ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత రత్నం చెంప మీద ఒక్కటిచ్చింది.

"దాని బూడిద కూడా మనకియ్యలేదు. ఇదొక్కటే మిగిలితే దీన్ని కూడా ఇచ్చేసొచ్చావేటే?"

"నాకు తెల్దమ్మా! నాకు తెల్దు!"

"నీకు తెల్దు, నాకు తెల్దు. ఆళ్ళకి మాత్రం అన్నీ తెలుస్తాయి" అంటూ ఎర్రయ్యమ్మ కూలబడిపోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో పిల్ల తప్ప ఎవరూ తినలేదు.

ఈలోగా యూనియన్‌వాళ్ళు ధర్నాలు చేసి చేసి, చివరికి ప్రభుత్వం చేత విచారణ వేయించారు. రిటైరైన జడ్జిగారొకరు పట్నంలో ఒక పాత హాల్లో కూర్చున్నారు. రత్నం తన వంతు వచ్చినప్పుడు లేచి ఉన్నదున్నట్టు చెప్పింది. చేతి మీద చెల్లెలి వేళ్ళుండేవని చెప్పింది. కంపెనీ వకీలు లేచి, "ఆ చెయ్యి ఒకసారి చూపిస్తావా అమ్మా?" అని అడిగాడు. చూపించింది. హాల్లో నవ్వులు వినపడ్డాయి.

యూనియన్ కుర్రాడు ఆసుపత్రిలో తీసిన ఫోటో ఇచ్చాడు. జడ్జిగారు దాన్ని ముట్టుకోనే లేదు. "ఫోటోలు చెల్లే రోజులు పోయాయి బాబూ. ఎవరికి కావలసింది వాళ్ళు యంత్రాల చేత పుట్టించుకుంటున్నారు. కోర్టులు వాటిని చూడటం మానేసి చాలా కాలమైంది. మనిషి ఒంటి మీద ఉంటే చెప్పండి, చూస్తాను" అన్నారు విసుగ్గా. విసుగున్నా అబద్ధమాడే మనిషిలా లేరు.

తర్వాత సన్యాసమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. రత్నం వైపు చూడకుండా, దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పింది. "షెడ్డులో నానూ, రత్నమూ అంతే బాబూ. మూడో మనిషి నేరు. ఇద్దరం పరిగెత్తుకొచ్చేశాం."

రత్నం కుర్చీలోంచి లేచి మీదికి వెళ్ళబోతే యూనియన్‌వాళ్ళు పట్టుకున్నారు. "వదినా, నీ నోట్లో పురుగులు పడవేటే?" అని అరిచింది. జడ్జిగారు బల్ల చరిచి, విచారణ వాయిదా వేశారు.

రత్నం అక్కణ్ణించి ఇంటికి వెళ్ళలేదు. సరాసరి ప్రయోగశాలకు వెళ్ళింది. అడ్డొచ్చిన వాచ్‌మన్‌ను నెట్టేసి, కుందేళ్ళ బోనుల మధ్య నిలబడ్డ డాక్టరమ్మ ఎదుటికి వెళ్ళి చెయ్యి చాపింది.

"నా మచ్చ నాకిచ్చెయ్యండి."

"రత్నం, కూర్చో ముందు..."

"కూకోను. మీరే తీశారు, మీరే పెట్టండి. నాకీ నున్నటి చెయ్యొద్దు."

అప్పుడు మొత్తం చెప్పింది. షెడ్డు, పాసు, లోవ, లేచిపోయిందన్న మాట, కామేశ్వర్ కళ్ళజోడు సవరించుకుని చేతిని చూసిన చూపు. వింటున్నకొద్దీ డాక్టరమ్మ మొహం మాడిపోయింది. "మొదట రత్నంతోనే మొదలుపెట్టండి, పాపం చాలా బాధపడుతోందని ఆయనే ఫోన్ చేశాడు" అంది చివరికి. "ఎంత మంచివాడో అనుకున్నాను. నా పనిని తుడుపుగుడ్డ చేశాడు వెధవ!" అని చేతిలో ఉన్న ట్రే గోడకేసి కొట్టింది. కుందేళ్ళు బెదిరి మూలకు చేరాయి.

"మీ కోపం నానేటి చేసుకోను డాక్టరమ్మా? మచ్చ వస్తాదా రాదా, అది సెప్పండి."

డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. "వస్తుంది. తోలు దేన్నీ మర్చిపోదు రత్నం, మనం దాని నోరు మూయించామంతే. రంగు మార్చి అదే లైటు వేస్తే పాత గాయం గుర్తొచ్చి, మచ్చ ఉన్నదున్నట్టు పైకి లేస్తుంది. కుందేళ్ళ మీద చూశాం. కానీ..."

"కానీ?"

"కాలిన రోజు ఎంత మంట పుట్టిందో అంతా మళ్ళీ పుడుతుంది. మత్తిస్తే నరాలు నిద్రపోతాయి, మచ్చ రాదు. తెలివి ఉండగానే భరించాలి. చెయ్యి మళ్ళీ బిగుసుకుపోతుంది. ఇంకోసారి బాగు చెయ్యడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. వెనక్కి తెచ్చిన మచ్చ మీద ఏ లైటూ పని చెయ్యదు."

రత్నం కుందేలు వైపు చూసింది. ఒకదాని వీపు మీద బొచ్చు లేనిచోట మచ్చ ఎర్రగా కనిపిస్తోంది.

"ఇక్కడొద్దు," అంది. "ఇక్కడేసి పంపిస్తే ఇంట్లో కాల్చుకొచ్చిందంటారు. ఆ హాల్లో, ఆళ్ళందరి కళ్ళ ముందరా వెయ్యాల."

డాక్టరమ్మ కాదంది, బతిమాలింది, కోప్పడింది. తన ఉద్యోగం పోతుందని గాని, కంపెనీ డబ్బుతో నడిచే ఆ ప్రయోగశాల మూతపడుతుందని గాని అనలేదు. అది మాత్రం ఆమె గొప్పే. "నేను డాక్టర్ని, మనిషిని కాల్చే పని చెయ్యలేను" అనే అంది. "మీరు కాల్చొద్దు. ఆళ్ళు కాల్చిందే మళ్ళీ సూపించండి" అంది రత్నం. డాక్టరమ్మ లేచి యంత్రం మీద కప్పిన గుడ్డ తీసింది.

విచారణ రోజు పొద్దున రత్నం హారికను ముందు కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసింది. రిబ్బన్లు పెట్టింది. ఊడదీసి మళ్ళీ వేసింది. "అమ్మా, నొప్పి! అంత గట్టిగా ఎందుకు లాగుతున్నావు?" అని పిల్ల గోల పెట్టింది. రత్నం మధ్య పాపిడి వంకర పోయిందని మూడోసారి విప్పింది. బడి గంట వినపడి పిల్ల జడలు పట్టుకుని పరిగెత్తేదాకా వదల్లేదు.

హాల్లో యంత్రం చూడగానే కంపెనీ వకీలు లేచి అభ్యంతరం అన్నాడు. జడ్జిగారు కూడా ఒప్పుకోలేదు. "ఒక ఆడమనిషిని కాల్చమని నేను ఉత్తర్వు ఇవ్వలేనమ్మా."

"మీరియ్యక్కర్లేదు బాబూ. చెయ్యి నాది, మంట నాది. మీరు సూస్తే చాలు. ఒంటి మీదుంటే సూస్తానన్నారు కదేటి?"

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాదనలేదు. రత్నం తనంతట తనే కుడిచేతిని బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. డాక్టరమ్మ మీట నొక్కింది. ఊదారంగు వెలుగు చేతి మీద పడింది.

మొదట ఏమీ కాలేదు. వెచ్చగా ఉంది, అంతే. వకీలు మీసం చాటున నవ్వుకున్నాడు కూడా. తర్వాత రత్నం పళ్ళు బిగించింది. ఒంట్లో ఎక్కడ్నించి వచ్చిందో తెలియదు గాని, ఆ రోజు మంట ఆ రోజు లాగానే వచ్చింది. తగ్గలేదు, పాతబడలేదు. అరవకూడదని వచ్చింది గాని అరిచింది. హాల్లో ఉన్న ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. "ఆపెయ్యనా?" అని డాక్టరమ్మ ఏడుస్తూ అడిగింది. "ఆపితే సంపేస్తాను" అంది రత్నం. ముఖం చెమటలతో తడిసిపోయింది. చేతి మీద ముందు ఎరుపు లేచింది. ఎరుపు ఉబ్బింది, ముడతలు పడింది. మోచెయ్యి లోపలికి గుంజుకుంది. ఆ ఎరుపు నడుమ ఐదు చోట్ల మాత్రం ఏ మార్పూ రాలేదు. నాలుగు వేళ్ళు పైన, బొటనవేలు లోపల.

డాక్టరమ్మ దీపం ఆర్పేసింది.

ముందు తేరుకున్నది వకీలే. ఆ వృత్తిలో అంతే కాబోలు. "ఇందులో ఏముందండీ? కాలుతున్నప్పుడు తన చేతిని తనే పట్టుకుని ఉంటుంది" అన్నాడు.

రత్నం తలెత్తింది. "ఇది నా కుడిచెయ్యి. దీని మీదున్నది కుడిచెయ్యి. నా కుడిచేతిని నా కుడిచేత్తో ఎలాగ పట్టుకుంటానయ్యా? నువ్వు పట్టుకుని సూపించు."

వకీలు చూపించలేదు. జడ్జిగారు కుర్చీలోంచి లేచి, పక్కనున్న గుమాస్తా కుడిచేతిని తన కుడిచేత్తో పట్టుకుని చూశారు. బొటనవేలు ఎటు వచ్చిందో చూశారు. ఎడమచేత్తో పట్టుకుని మళ్ళీ చూశారు. "కుడిచెయ్యే" అన్నారు.

"అయితే సన్యాసమ్మదై ఉంటుంది," అన్నాడు వకీలు ఠక్కున. "షెడ్డులో ఉన్నది వాళ్ళిద్దరే కదా. బయటికి లాగేటప్పుడు పట్టుకుంది."

"పట్టుకున్న చెయ్యి కూడా కాలాలి కదండీ?" అన్నారు జడ్జిగారు.

"కాలింది. ఆమె కూడా మా క్యాంపులోనే లైటు వేయించుకుంది."

వెనక కూర్చున్న కామేశ్వర్ వకీలు కోటు పట్టి గుంజాడు గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. డాక్టరమ్మ నోరు తెరిచేలోగా రత్నమే అందుకుంది.

"ఏయించుకుందా? మంచిదే. దీపం ఇక్కడే ఉన్నాది. వదినా, రా. నీ చెయ్యి కూడా పెట్టు."

సన్యాసమ్మ కదల్లేదు. జడ్జిగారు డాక్టరమ్మను అడిగారు, కాలని చేతి మీద ఆ లైటు వేస్తే ప్రమాదమా అని. "వెచ్చగా ఉంటుందండి, అంతే. గుర్తు చేసుకోవడానికి గాయమంటూ ఉండాలి కదా" అంది డాక్టరమ్మ. "అయితే రామ్మా" అన్నారు జడ్జిగారు.

ఆమె నడిచొచ్చిన తీరు చూస్తే పక్కింటి గొడవ తెలియనివాళ్ళకు జాలేస్తుంది. రత్నానికి వెయ్యలేదు. బల్ల మీద సన్యాసమ్మ చెయ్యి, దాని పక్కనే ఇంకా వేడి చిమ్ముతున్న రత్నం చెయ్యి. దీపం వెలిగింది. ఊదా వెలుగు కింద సన్యాసమ్మ చెయ్యి చెయ్యిలాగే ఉంది. గాజులున్నాయి, గోరింటాకు వెలిసిన గోళ్ళున్నాయి. ఎరుపు లేదు, ముడత లేదు. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. సన్యాసమ్మ కూడా తన చేతినే చూస్తోంది, ఏదన్నా రాకపోతుందా అన్నట్టు. చివరికి చెయ్యి లాగేసుకుని కింద కూలబడింది.

"ఆపెయ్యండి బాబూ. ఏటీ రాదు. నాను కాల్నేదు. నాను ఆయేళ ఇంట్లోనే ఉన్నాను, జొరం. నా పాసు లోవకిచ్చాను."

"మరి ఎందుకు చెప్పలేదు?" జడ్జిగారి గొంతు మారిపోయింది.

"పాసు ఇంకోళ్ళకిచ్చావు, నీ వల్లే సచ్చిపోయింది, హత్యకేసు పెట్టి జైల్లో ఏయిస్తామన్నారు. నోరు మూసుకుంటే ఉద్యోగమన్నారు. ఇద్దరు బిడ్డలు నాకు..." అని వేలు చూపించింది. ఆ వేలు తిన్నగా కామేశ్వర్ మీదికి వెళ్ళింది. "రత్నం, నన్ను సంపెయ్యే. నీ కాళ్ళట్టుకుంటానే."

"ముట్టుకోకు," అంది రత్నం. "నువ్వు నన్నేటీ అడగొద్దు. ఆ మాట అందరికీ వినపడేలాగ ఇంకోసారి సెప్పు. పేరుతో సెప్పు."

"షెడ్డులో ఉన్నది లోవ. లోవే సచ్చిపోయింది."

గుమాస్తా రాసుకున్నాడు. రత్నం కామేశ్వర్ వైపు తిరిగింది. అతను ఫోను చెవికి పెట్టుకున్నాడు గాని అవతల ఎవరూ ఉన్నట్టు లేరు.

"బాబూ, మా లోవ ఎవడితో లేచిపోయిందో ఇప్పుడు సెప్పండి."

అతను గుమ్మం వైపు కదిలాడు. గుమ్మం దగ్గర పోలీసు ఒకడు అడ్డంగా నిలబడ్డాడు, జడ్జిగారు అలా నిలబడమన్నారు.

డాక్టరమ్మ తడిగుడ్డలు, మందు, కట్టు తెచ్చింది. రత్నం మందు రాయనిచ్చింది గాని కట్టు కట్టనివ్వలేదు. "గాలి తగిలితే చీము పడుతుంది రత్నం, మాట విను" అంటే, "పడనీ. సాయంత్రం దాకా పడదు కదేటి?" అని లేచి బయటికి నడిచింది. బస్సులో ఆ చెయ్యి చూసి పక్కనున్నవాళ్ళు జరిగి కూర్చున్నారు.

ఉప్పలమెట్ట ఊరి మొదట్లో దిగి రత్నం ఇంటి దారి పట్టలేదు. కుళాయి వీధి పట్టింది. మంట ఇంకా తగ్గలేదు, ఒళ్ళు తూలుతోంది. చెయ్యి ఛాతీ మీదికి వంగిపోయి ఉంది, అది ఇక చాపినా సాగదు. సాయంత్రం కావడంతో ఆడవాళ్ళంతా బిందెలతో అక్కడే ఉన్నారు. ఎవరో "ఓలమ్మా, ఏటే ఆ చెయ్యి?" అన్నారు. ఎర్రయ్యమ్మ కూడా వరసలో వెనకాల నిలబడి ఉంది. కూతురి చేతి మీద ఐదు వేళ్ళు చూసి బిందె వదిలేసింది.

రత్నం తల్లి భుజం మీద ఎడమచెయ్యి వేసి వీధి మధ్యలో నిలబడింది.

"మా సెల్లి లేచిపోయిందన్నవాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు," అని గొంతెత్తి అరిచింది. "ఒక్కొక్కళ్ళే రండి. వచ్చి ఈ వేళ్ళు సూసి, ఇప్పుడు మాయమ్మ మొహం మీద అనండి."

కుళాయి నీళ్ళు నిండిన బిందె మీంచి పొర్లిపోతున్నా కట్టేసేవాళ్ళు లేరు.

"రారేటి?" అంది రత్నం. "అయితే నానే వస్తాను, ఇంటింటికీ." అని మొదటి గుమ్మం వైపు నడిచి, లోవ వేళ్ళున్న చేతినే ఎత్తి తలుపు బాదింది.